వీపు మీద చెయ్యందని చోటు

నాకు అనుమానం ఎక్కువ. ఇంకొకరు అనేలోపు నేనే చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. తలుపు తాళం వేసి, బస్టాపు దాకా నడిచి, మళ్ళీ వెనక్కెళ్ళి హ్యాండిల్ లాగి చూసే రకం నేను. వార్డులో నా ముందు షిఫ్టు నర్సు మందు ఇచ్చానని సంతకం పెట్టినా, పేషెంటుని ఒక మాట అడిగితే గానీ నాకు మనసు కుదుటపడదు. ఆ గుణం వల్ల ఉద్యోగంలో మంచి పేరే వచ్చింది. స్నేహితులే పెద్దగా మిగల్లేదు.

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది నా చేతులు పాడయ్యాయి. అప్పటికి లీడ్స్‌లో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా ఆరేళ్ళ సర్వీసు నాది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, వీపు మీద సొరియాసిస్ ఎప్పట్నుంచో ఉంది. పొడుగు చేతుల జాకెట్లతో నెట్టుకొచ్చాను. ఆ ఏడాది అది అరచేతుల్లోకి దిగింది. ఎర్రగా మందంగా లేచి, పొలుసులు రాలి, వేళ్ళ మడతల దగ్గర పగిలి రక్తం వచ్చేది. అంటురోగం కాదని నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. ఒంట్లో రోగం మీద పోరాడాల్సిన బలగమే దారి తప్పి సొంత చర్మం మీద పడుతుంది, అంతే. కానీ పగిలిన చేతులతో నర్సుని పేషెంటు దగ్గరికి పంపరు. వార్డు మేనేజరు నన్ను అపాయింట్‌మెంట్ల ఫోన్లు ఎత్తే డెస్కులో కూర్చోబెట్టింది. వసంతం వచ్చేసరికి చేతులు బాగవకపోతే వేరే ఉద్యోగం చూసుకోవాల్సి రావచ్చని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. చేతులు లేని నర్సుకి వేరే ఉద్యోగం ఏముంటుంది?

అప్పుడే చర్మవ్యాధుల విభాగంలో ఒక కొత్త ఇంజెక్షన్ మీద పరిశోధన మొదలైంది. పన్నెండు వారాల పాటు రెండు వారాలకోసారి పొట్ట మీద పొడుస్తారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త నీళ్ళలాంటిది. ఎవరికి ఏది వెళ్తోందో పేషెంటుకీ తెలియదు, పొడిచే నర్సుకీ తెలియదు. ఆ పన్నెండు వారాలూ నిబంధనలు తప్పకుండా పూర్తి చేసినవాళ్ళకి, నీళ్ళు పడ్డవాళ్ళతో సహా, ఆ తర్వాత అసలు మందు ఇస్తారు. నేను చేరింది ఆ చివరి మాట కోసం. పన్నెండు వారాలు ఓపిక పడితే చేతులు, చేతులతో పాటు వార్డు, రెండూ వెనక్కొస్తాయి.

నిబంధన ఒకటే కష్టమైనది. వాళ్ళిచ్చిన ఉత్త తేమ క్రీము తప్ప ఒంటికి ఇంకే పూతమందూ పూయకూడదు. ఒక చిన్న డైరీ ఇచ్చారు. రోజూ అందులో 'వేరే పూతమందు వాడారా?' అన్న గడి ఎదురుగా అవును, కాదు అని టిక్కు పెట్టాలి. నేను రోజూ కాదు అనే పెట్టాను. శుభ్రంగా, స్కేలు పెట్టి గీసినట్టు.

ఇప్పుడు ఆంటీ గురించి చెప్పాలి. నేను ఆంటీ ఇంట్లోనే పై గదిలో అద్దెకుండేదాన్ని. మాది ఏలూరు వైపు, ఆవిడదీ అదే వైపు. అరవై దగ్గర పడుతున్న మనిషి, ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పని, అంకుల్ పోయి చాలా ఏళ్ళైంది. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ముందు గదిలో ప్రార్థన కూటం జరిగేది. నర్సులు, కేరర్లు, మాస్టర్స్ చదివే పిల్లలు, అందరూ బూట్లు వరండాలో కుప్పపోసి లోపల కింద కూర్చునేవాళ్ళు. కూటం అయ్యాక ఆంటీ ప్రార్థన చేసిన కొబ్బరి నూనె పంచేది. లీడ్స్ చలికి అది ఎప్పుడూ గడ్డకట్టి తెల్లగానే ఉండేది, ఖాళీ జామ్ సీసాల్లో నింపి ఇచ్చేది. తలనొప్పికీ అదే, మోకాళ్ళ నొప్పికీ అదే, పరీక్షకెళ్ళే పిల్లల నుదుటికీ అదే.

ఇంజెక్షన్ల సంగతి చెప్పినప్పుడు ఆంటీ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సగం మందికి నీళ్ళా? మనిషిని కూర్చోబెట్టి నీళ్ళు పొడుస్తారా? అదేం చోద్యమమ్మా!"

"అలా చేస్తేనే మందు నిజంగా పనిచేస్తోందో లేదో తేలుతుంది ఆంటీ."

"తేలుతుంది తేలుతుంది. మరి నీ చేతులు? ఇన్నాళ్ళూ పూసుకున్న క్రీములు కూడా మానేయమన్నారంటున్నావు. నిన్ను ఎండబెట్టి చూస్తున్నారు వాళ్ళు. నాకైతే నమ్మకం లేదు తల్లీ."

మరుసటి ఆదివారం నాకో సీసా ఇచ్చింది. "పొద్దునా సాయంత్రం రాసుకో. విశ్వాసంతో రాసుకో," అంది. రాసుకున్నాను. అది డైరీలో ఎందుకు రాయలేదంటారా? నర్సుని, నాకు తెలియదా? తెలుసు. కానీ ప్రార్థన నూనెని మందుల గడిలో టిక్కు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. రాస్తే డైరీ చూసే రీసెర్చి నర్సు ఏంటిది అని అడుగుతుంది, నేను వివరించాలి, ఆవిడ కళ్ళద్దాల మీంచి నన్ను చూస్తుంది. ఆ చూపు నాకక్కర్లేదనిపించింది.

నాలుగో వారానికి నా అరచేతులు మెత్తబడ్డాయి. ఆరో వారానికి మోచేతుల మీద మచ్చ తప్ప ఏమీ లేదు. వార్డు మేనేజరు నా చేతులు తిప్పి తిప్పి చూసి మళ్ళీ డ్యూటీల రోటాలో నా పేరు వేసింది. ఆ మొదటి రోజు ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు అసలు మందే పడిందని గట్టిగా నమ్మేశాను. చూశారా, దేన్నీ నమ్మని దాన్ని, అది మాత్రం నమ్మేశాను.

ఏడో వారం వెళ్ళినప్పుడు రీసెర్చి నర్సు నన్ను గౌను వేసుకోమని ఒళ్ళంతా చూసింది. రిటైర్‌మెంటు దగ్గరికొచ్చిన యార్క్‌షైర్ ఆవిడ, మనం అమ్మా అన్నట్టు మాట ముందొక లవ్, మాట వెనకొక లవ్. రోగం ఎంత మేర ఉందో కొలవడానికి పేషెంటు అరచెయ్యే కొలత. ఒంటి మీద ఎన్ని అరచేతుల మేర ఎర్రగా ఉందో లెక్కపెట్టి, కాగితం మీదున్న మనిషి బొమ్మలో ఎర్ర పెన్నుతో దిద్దుతారు. ఆ రోజు ఆవిడ బొమ్మకి ముందు వైపు ఏమీ దిద్దలేదు. వెనక వైపు వీపు మధ్యలో మాత్రం పెన్ను ఆడించి ఆడించి ఆగింది.

"విచిత్రంగా ఉంది లవ్. చేతులూ కాళ్ళూ ఇంత బాగా తేరుకున్నాయి. వీపు మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చేతులకి ఏమైనా పూస్తున్నావా?"

"లేదు."

"మీ ఊరి నుంచి ఎవరైనా తెచ్చిన క్రీము లాంటిదేమైనా?"

నాకు చర్రున కోపం వచ్చింది. మీ ఊరి నుంచి అట! తెల్లపిల్లని అయితే ఆ ప్రశ్న అడిగేదా? మేమేదో సంచుల్లో దొంగమందులు మోసుకొచ్చే మనుషుల్లాగా. "నేనూ నర్సునే. నిబంధన నాకు తెలుసు. డైరీ చూసుకోండి," అని కసిరినట్టే చెప్పాను. ఆవిడ డైరీ తిరగేసి, వరసగా ఉన్న నా టిక్కులు చూసి, ఫైల్లో ఒక మూల ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో అని బస్సులో ఇంటికొచ్చేదాకా ఉడికిపోయాను. ఆవిడకి నేనంటే పడదని, రంగు చూసి మాట్లాడుతుందని, కంప్లయింటు పెట్టాలని, మనసులో ఉత్తరం కూడా రాసేశాను.

ఇంటికొచ్చి జాకెట్టు విప్పి బీరువా అద్దానికి వీపు పెట్టి, చేతిలో చిన్న అద్దం పట్టుకుని చూసుకున్నాను. రోగం ఉన్న చోటు ఎర్రగా మండుతోంది. దాని అంచు నాకు వింతగా అనిపించింది. పైన భుజాల దగ్గర చర్మం శుభ్రంగా ఉంది. కింద నడుము దగ్గర శుభ్రంగా ఉంది. పక్కల నుంచీ శుభ్రంగానే ఉంది. మధ్యలో మాత్రం పెద్ద అప్పడమంత ఎరుపు. చెయ్యి వెనక్కి పెట్టి చూశాను. పై నుంచి పెట్టాను, కింద నుంచి పెట్టాను. నా వేళ్ళు ఎక్కడిదాకా అందుతున్నాయో సరిగ్గా అక్కడిదాకే ఒళ్ళు బాగైంది.

మంచం మీద కూలబడ్డాను. ఇంజెక్షన్ పనిచేస్తే రక్తంలో కలిసి ఒళ్ళంతా పనిచేయాలి. నా చెయ్యి అందే చోటు, అందని చోటు అని అది చూసుకోదు. దేవుడు చేశాడనుకుందామా, దేవుడికి నా వీపు అందదా? మిగిలింది నూనె ఒక్కటే. ఉత్త కొబ్బరి నూనెకి సొరియాసిస్ ఇంత త్వరగా లొంగదని చర్మం వార్డులో చేసిన ఏ నర్సునడిగినా చెబుతుంది.

ఆంటీ డ్యూటీలో ఉంది. నేను వంటింట్లోకి దిగి, సిగ్గు విడిచి అల్మారాలన్నీ వెతికాను. బియ్యం సంచి వెనక క్రిస్మస్ చాక్లెట్ల రేకు డబ్బా ఉంది. మూత తీస్తే అందులో ట్యూబులు. ఏలూరు వైపు ఏ మందుల షాపులోనైనా చీటీ లేకుండా ఇచ్చే ట్యూబులే. కొన్ని నిండుగా ఉన్నాయి. కొన్నిటిని అడుగు నుంచి చుట్టి చుట్టి పిండి, చివర కత్తెరతో చీల్చి లోపలంతా గీకి తీసినట్టుంది. వెనకనున్న పేరు చదివాను. పూతమందుల్లో అంతకన్నా బలమైన స్టెరాయిడ్ లేదు. ఇక్కడ స్పెషలిస్టులు కూడా రోజులు లెక్కపెట్టి రాస్తారు. మొహానికి రాయొద్దంటారు. పసిపిల్లలకైతే దాని జోలికే పోవద్దంటారు.

పసిపిల్లలు అనుకోగానే పాప గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెబితే అది పచ్చి అబద్ధం.

మా కూటానికి నల్గొండ నుంచి వచ్చిన ఒక జంట వచ్చేవాళ్ళు. అతను మాస్టర్స్ చదువుతున్నాడు, ఆ అమ్మాయి ఏడు నెలల పాపతో ఇంట్లో ఉండేది. పాపకి బుగ్గల నిండా ఎగ్జిమా. జీపీ, అదే పేట డాక్టరు, ఇచ్చిన క్రీముతో తగ్గట్లేదని ఆ అమ్మాయి ఏడిస్తే, ఆంటీ నా కళ్ళముందే ఒక సీసా ఆమె చేతిలో పెట్టింది.

నేను డబ్బా మూత పెట్టాను. బియ్యం సంచి వెనక ఎలా ఉందో అలాగే పెట్టేశాను. పైకి వెళ్ళిపోయి కూర్చుని ఆలోచించాను, ఆలోచించిందంతా నా గురించే. చెబితే పరిశోధన నుంచి తీసేస్తారు. తీసేస్తే అసలు మందు పోయినట్టే. నూనె మానేస్తే చేతులు మళ్ళీ పగులుతాయి, వార్డు పోయినట్టే. ఇంకో ఐదు వారాలు నోరు మూసుకుంటే చాలు. పాపకి ఎంత రాస్తారులే, చిటికెడు రాస్తారు, అనుకున్నాను. నర్సునై ఉండి అనుకున్నాను ఆ మాట.

ఆ తర్వాత రెండు వారాలు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. నూనె మానలేదు. తెలిసే, అరచేతులకి రాసుకుని, డైరీలో కాదు అని టిక్కు పెట్టాను. ఆంటీ ఏమైనా పసిగట్టిందా అని ఆవిడ మొహం చూసేదాన్ని. రీసెర్చి నర్సు ఫోన్ చేస్తే గొంతులో తేడా వెతికేదాన్ని. ఆ మధ్యలో వచ్చిన ఆదివారం తలనొప్పి అని చెప్పి కూటానికి కిందికి దిగలేదు.

రెండో ఆదివారం దిగక తప్పలేదు. పాట అయిపోయింది, ప్రార్థన అయిపోయింది, ఆంటీ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అందరికీ చూపిస్తోంది. "చూడండమ్మా, బుగ్గలు ఎలా నిగనిగలాడుతున్నాయో! ప్రభువు కార్యం!" అందరూ స్తోత్రం అన్నారు. నేను దగ్గరికి వెళ్ళి పాప మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పాను. నిగనిగ నిజమే. స్టెరాయిడ్‌కి చర్మం పల్చబడి మెరుస్తోంది. దాని కింద సన్నసన్నటి ఎర్రటి నరాలు పైకి కనిపిస్తున్నాయి.

"ఎన్నిసార్లు రాస్తున్నావు?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"రోజుకు నాలుగుసార్లు అక్కా. పాలు తాగినప్పుడల్లా రాస్తున్న. మంచిగైతాంది గదా!"

ఆమె సంచిలో ఉన్న సీసా లాక్కున్నాను. "ఇంకెప్పుడూ రాయొద్దు. ఇది ఉత్త నూనె కాదు. దీన్లో స్టెరాయిడ్ ఉంది. రేపు పొద్దున్నే జీపీ దగ్గరికి తీసుకెళ్ళు, ఈ సీసా చూపించు," అన్నాను. గొంతు నాది కాదేమో అన్నట్టు పెద్దగా వచ్చింది.

ఆంటీ మొహం పాలిపోయింది. కానీ దబాయించలేదు. "ట్యూబు కలిపాను, నిజమే. దాని మీద కూడా ప్రార్థన చేశాకే కలిపాను. నా కాలి మీద పుండు దాంతోనే మానింది. దేవుడు మందుల షాపువాణ్ణి మాత్రం వాడుకోడా ఏంటి? ఈ పిల్లకి నీళ్ళు పొడుస్తున్నారని కడుపు తరుక్కుపోయి మొదలుపెట్టాను. చెబితే రాసుకోదని చెప్పలేదు. పాపకి మంచిది కాదని నాకెవరు చెప్పారమ్మా?" అంది.

అని, నా వైపు తిరిగింది. "ఇంతకీ నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నోటి చివర దాకా వచ్చింది. ఇప్పుడే, పాప మొహం చూసి, అంటే సరిపోయేది, ఎవరూ అనుమానించేవాళ్ళు కూడా కాదు. పాప నా వైపు చూసి నవ్వింది.

"రెండు వారాలైంది," అన్నాను.

ఆ అమ్మాయి ఆంటీ ఒళ్ళోంచి పాపని తీసుకుని, బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం నేను రీసెర్చి నర్సు దగ్గరికి వెళ్ళాను. ఆంటీ కూడా షిఫ్టు మార్చుకుని, నేను వద్దన్నా వినకుండా, ఆ చాక్లెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సులో నా పక్కనే కూర్చుంది. అన్నీ చెప్పాను, చివరి రెండు వారాల టిక్కులతో సహా. నర్సు ట్యూబులు చూసింది, ఫైలు తెరిచి ఏడో వారం మూలలో రాసుకున్నది నాకు చూపించింది. నేను ఊహించినవేమీ అందులో లేవు. చేతులు బాగయ్యాయి, వీపు బాగవలేదు, పూతమందు సంగతి మళ్ళీ నెమ్మదిగా అడగాలి, మనిషి భయపడుతున్నట్టుంది, అని ఉంది. నేను మనసులో రాసుకున్న కంప్లయింటు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

పరిశోధన నుంచి నన్ను తీసేశారు. నాకు పడింది మందో నీళ్ళో వాళ్ళు చెప్పలేదు, నీళ్ళేనని నా వీపు చెబుతూనే ఉంది. పదిహేను రోజుల్లో చేతులు మునుపటికన్నా ఘోరంగా పగిలాయి. మళ్ళీ ఫోన్ల డెస్కుకి వచ్చాను. ఆ ఇంజెక్షన్ మామూలు క్లినిక్కులకి వచ్చి నా వంతు వచ్చేసరికి మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు నా చేతులు బాగున్నాయి, వీపు కూడా బాగుంది.

పాప బుగ్గలు నూనె మానగానే భగ్గుమన్నాయి. ఆసుపత్రి వాళ్ళు చూసుకున్నారు, రెండు నెలలకి చల్లబడ్డాయి. తర్వాతి ఈస్టరుకి ఆ జంట మళ్ళీ కూటానికి వచ్చారు. ఆంటీ అప్పటికి నూనె పంచడం మానేసింది. ఆ అమ్మాయిని చూడగానే లేచి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ అమ్మాయి కూడా ఏడ్చింది. పాపని తీసి ఆంటీ ఒళ్ళోనే పెట్టింది.

నాకు ధైర్యం వచ్చి నేనూ దగ్గరికెళ్ళాను. నూలు తొడుగులు వేసుకున్న చేతులు పాప వైపు చాచాను. ఆ అమ్మాయి లేచి పాపకీ నాకూ మధ్య నిలబడింది. కోపంగా లేదు, గొంతు కూడా పెంచలేదు.

"ఆంటీకి ఎర్కలేదు అక్కా," అంది. "మీకు ఎర్కే గదా."